శనివారం వండిన జామ మీఠా

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు తన ఫోను నా కళ్ళ ముందు పెట్టి, "అత్తమ్మా, గిది చూడుర్రి, ఎంత కొత్తగున్నదో!" అంది. అందులో ఎత్తు టోపీ పెట్టుకున్న ఒకాయన ఏవో సీమ పండ్లను నిలువునా రెండు చెక్కలు చేసి, మెత్తగా ఉడకబెట్టి, వాటి మీద నిగనిగలాడే పాకం గరిటెతో జారవిడుస్తున్నాడు. పాకంలో పులుపే అసలు రహస్యమని రెండు సార్లు చెప్పాడు. అది వినగానే నా నోట్లో నీళ్ళూరాయి, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. కొత్తట! సిద్దిపేటలో, ఇదే ఇంట్లో, మా మేడమీద నేను ఏళ్ళ తరబడి తిన్న వంటను పట్టుకుని ఆయన టోపీ పెట్టుకుని లోకానికి కొత్తగా నేర్పుతున్నాడు. "ఇది జామ్‌కా మీఠా, నీ పెళ్ళికి ముందు నుంచీ ఉన్నది" అన్నాను. మా కోడలు నమ్మలేదు. దాంతో ఒక శనివారం సంగతి చెప్పాల్సి వచ్చింది, చెబుతుంటే ఆ రోజు పడిన హడావిడి అంతా మళ్ళీ ఒంట్లోకి వచ్చి, పొయ్యి మీది పాలు పొంగినా చూసుకోలేదు.

అప్పట్లో మా మేడమీద ఒక కుటుంబం కిరాయికి ఉండేది. ఇంటాయనకు గాజుల దుకాణం. ఆయన భార్యను నేను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. రెంటికీ అర్థం పెద్దక్క అనే. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చాలంటే వయసు బయటపెట్టాలి కనుక ఆ విచారణ జోలికి ఇద్దరమూ పోలేదు. ఆపా వాళ్ళ అమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. ఆమెను ఇంటిల్లిపాదీ అమ్మీ అనేవాళ్ళు, నేనూ అమ్మీ అనే అన్నాను. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి వలుస్తూనో ఏరుతూనో ఉండేది. ఆమె చేతి వంట వాసన మెట్ల మీదుగా కిందికి దిగి వచ్చి, మా వంటింట్లో ఉడుకుతున్న పప్పును చిన్నబుచ్చేది.

రంజాన్ నెల వచ్చిందంటే ఆ ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. పైన అందరూ రోజా ఉంటారు, పొద్దు గూకే దాకా నాలుక మీద చుక్క పడదు. కానీ రోజా విడిచే ఇఫ్తార్‌కు వంటలు మధ్యాహ్నం నుంచే మొదలవుతాయి. ఉప్పు సరిపోయిందో లేదో, తీపి ఎక్కువైందో తక్కువైందో చెప్పడానికి ఎవరైనా తినే మనిషి కావాలి. ఆ మనిషిని నేను. "బిడ్డా, జర మీదికి రా" అని అమ్మీ మెట్ల మీది నుంచి పిలిస్తే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళేదాన్ని. హలీమ్ రుచి చూశాను, దాల్చా రుచి చూశాను, కానీ నా ప్రాణమంతా జామ్‌కా మీఠా మీదే. వాళ్ళు జామపండును జామ్ అంటారు. దోరగా ఉన్న పెద్ద జామపండ్లను చెక్కు తీసి, రెండు చేసి, నడుమ గింజలను చెంచాతో తోడేస్తుంది అమ్మీ. ఆ చెక్కలను వెడల్పు గిన్నెలో పరిచి, కాసిన్ని నీళ్ళు చల్లి మూత పెడుతుంది. ఇంకో పొయ్యి మీద బెల్లం, పాత చింతపండు పులుసు, కాస్త సొంఠి, చిటికెడు ఉప్పు, వేలితో తీసినంత నెయ్యి. అది ఉడికి ఉడికి నల్లెరుపు రంగుకు తిరిగి, గరిటెకు అంటుకుని మెరవడం మొదలుపెట్టగానే చెక్కల మీద పోస్తుంది. జామ దొరకని ఏడాది బొప్పాయితో చేసేది. బొప్పాయిది కూడా తిన్నాం కానీ, దాన్ని తినడమని గొప్పగా చెప్పుకోలేదు.

పాకం దగ్గరికి వచ్చిన వేళ నన్ను పొయ్యి పక్కన నిలబెట్టి చెంచా నోట్లో పెట్టేది. "మంచిగున్నది అమ్మీ" అనేదాన్ని. ఆమె మరికాస్త చింతపండు పులుసు వేసి మళ్ళీ పెట్టేది. "ఇంకా మంచిగున్నది" అనేదాన్ని. అట్లా ఒకటికి రెండు మూడు సార్లు పెట్టి ఒకచోట ఆపేది. ఆ ఇంటి మీఠా అంతా నా తీర్పు మీదే నడుస్తోందని నాకు గట్టి నమ్మకం. మా ఆయన దగ్గర ఆ గొప్ప చెప్పుకునేదాన్ని కూడా. అయితే ఒక్క శనివారం మాత్రం నాకు సెలవు. శనివారం నాకు ఒక్కపొద్దు, సాయంత్రం దీపం పెట్టిన తర్వాతే తినడం. టీ తాగొచ్చు, నీళ్ళు తాగొచ్చు, కానీ వండిన పదార్థం నాలుకకు తగలకూడదు. ఆ సంగతి అమ్మీ ఎన్నడూ మరిచిపోలేదు. శనివారం వచ్చిందంటే పైన మీఠా బంద్, ఖర్జూరాలతో సరిపెట్టుకునేవాళ్ళు.

అమ్మీకి షుగరు. ఒక ఏడాది బాగా ముదిరి దవాఖానలో పడింది. ఇంటికి తెచ్చిన తర్వాత మంచం దిగలేదు. ఆపా వాళ్ళ అన్న, భాయ్‌జాన్ అంటారు, గజ్వేల్‌లో పరుపులు కుట్టే దుకాణం ఆయనది. వారం వారం వచ్చి చూసిపోయేవాడు. ఒక రోజు సంచినిండా జామపండ్లు తెచ్చాడు, ఎందుకంటే అమ్మీ ఫోనులో మీఠా అడిగిందట. ఆపా చెయ్యనని పట్టుబట్టింది. డాక్టరు తీపి మాటే ఎత్తొద్దన్నాడు. "ఒక్క ముక్కనే గద" అంటాడు ఆయన. "రేపు షుగర్ చూపిచ్చి, తక్కువుంటే జేస్త" అంటుంది ఈమె. ఇద్దరూ తల్లి మంచం దగ్గరే గట్టిగా అరుచుకున్నారు, కింద మాకు వినబడింది. ఆ రేపు రాలేదు. తెల్లవారుజామున అమ్మీ పోయింది. మట్టి ఇచ్చి వచ్చాక భాయ్‌జాన్ గుమ్మం ముందర నిలబడి, "ఒక్క ముక్క. ఒక్క ముక్క నోట్ల పెట్టనియ్యకపోతివి" అని చెల్లెలితో అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పండుగకు బావకు ఫోను చేసేవాడు తప్ప, ఆ మెట్లు ఎక్కలేదు. ఆపా తప్పు చేయలేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ భాయ్‌జాన్ మీద కోపం తెచ్చుకోవడం కూడా నా వల్ల కాలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక రంజాన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం ఆపా పరుగు పరుగున కిందికి వచ్చింది. ఊపిరి అందడం లేదు. "అక్కా, భాయ్‌జాన్ మా ఇంటాయనకు ఫోన్ జేసిండు. రేపు ఇఫ్తార్‌కు వస్తుండట!" అంది. నేను సంతోషంతో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను, చూస్తే అవి చల్లగా ఉన్నాయి. "బిడ్డ పెండ్లి కుదిరిందట. గది చెప్పుటానికే వస్తుండో, కొట్లాటకే వస్తుండో తెల్వదు" అంది. ఏం వండుతావంటే, క్షణం కూడా ఆలోచించకుండా, "జామ్‌కా మీఠా" అంది. "వద్దు ఆపా, సేమియా చెయ్యి, ఖీర్ చెయ్యి. ఉన్న పుండు మీద ఎందుకు వేలు పెడతవ్?" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇద్దరి మనసుల గదే ఉండంగ, ఇంకోటి ఎట్ల పెడ్త అక్కా? పెడితే గదే పెడ్త. తింటడా తింటడు. లేసిపోతడా పోతడు." ఆ పట్టుదల చూశాక సరేనన్నాను. మంచిగా కుదిరితే అన్న దొరుకుతాడు, కుదరకపోతే ఆ గుమ్మం మళ్ళీ తొక్కడు. ఆ మాట ఇద్దరమూ పైకి అనలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైతుబజారుకు పోయి జామపండ్ల గుట్టలన్నీ తిరగేశాం. మెత్తబడ్డవి వద్దు, పచ్చివి వద్దు, గోరు గుచ్చితే దిగీ దిగనట్టు ఉండాలి. ఆపా ఒక్కో పండునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే అమ్ముకునే ఆమె విసుక్కుంది, "పండ్లు కొంటవా, అత్తరు కొంటవా?" అని. ఇంటికి వచ్చాక చూస్తే ఆపా దగ్గర ఉన్నది కొత్త చింతపండు, ఎర్రగా, పులుపు పైపైనే. అమ్మీ వాడింది నల్లగా మాగిన పాతది. అది మా ఇంట్లో ఉంది, తొగుట ఊరి దగ్గరుండే మా తమ్ముడు ఉప్పు వేసి దంచి పంపిన జాడీలో. జాడీ మోసుకుని మెట్లెక్కుతుంటే పెళ్ళి సామాను మోస్తున్నంత ఉత్సాహం నాకు. మధ్యాహ్నానికి చెక్కలు కోయడం, గింజలు తోడటం అయ్యాయి. నేను కిందికి వచ్చి కాస్త నడుం వాల్చాను.

సాయంత్రం నమాజు ముగించుకుని ఆపా మెట్ల మీది నుంచి కేకేసింది. "అక్కా! పాకం దగ్గరికొచ్చింది, జర మీదికి రా!" అచ్చం వాళ్ళ అమ్మ పిలిచినట్టే పిలిచింది. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. పాత ఉద్యోగం మళ్ళీ వచ్చినందుకు పొంగిపోతూ ఎక్కాను. పొయ్యి దగ్గర ఆపా నిలబడి ఉంది, చేతిలో చెంచా, చెంచాలో నల్లెర్రని పాకం, దాని నుంచి సొంఠి ఘాటు. నేను నోరు తెరిచాను. చెంచా పెదాల దాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు శనివారం, టీతోనే ఉన్న రోజు. గబుక్కున నోరు మూసుకుని వెనక్కి జరిగాను. "ఆపా, ఒక్కపొద్దు!" ఆపా చెంచా పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "అల్లా! అమ్మీ అయితే మరిచేది కాదు" అంది. పొద్దున్నించీ ఇద్దరం కలిసి పండ్లు ఏరి, చింతపండు మోసి, ఇంత తతంగం చేశామే, రుచి చూడటానికి నా ఒక్కపొద్దు అడ్డమన్నది ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పొయ్యి మీద పాకం కుతకుతలాడుతోంది, పక్కన ఇద్దరు ఆడవాళ్ళం, ఇద్దరి నోళ్ళకూ తాళం.

ఆపా వాళ్ళింట్లో అందరూ రోజా. మిగిలింది మా ఆయన ఒక్కడే. ఆయన కింద పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు. లేపి, చొక్కా తొడిగించి, మెట్లు ఎక్కించాను. దారిలో విషయమంతా చెప్పాను. ఆయన లెక్కల టీచరుగా రిటైరయ్యాడు, ప్రశ్న ఇస్తే జవాబు సరిగ్గా చెబుతాడని నాకు ఆశ. ఆపా చెంచా ఇచ్చింది. ఆయన నాకి, "మస్తున్నది చెల్లె" అన్నాడు. ఆపా పులుసు కలిపి మళ్ళీ ఇచ్చింది. "మస్తున్నది." మళ్ళీ కలిపింది. "మస్తున్నది." నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నా వంటకు ఒక్కనాడూ వంక పెట్టలేదని అందరికీ చెప్పి మురిసిపోయేదాన్ని. ఆ మంచితనం ఇప్పుడు మా కొంప ముంచేలా ఉంది. "గట్ల కాదు అన్నా, పులుపు చాలిందా? మీరు సక్కగ చెప్పుర్రి" అని ఆపా బతిమాలింది. "చెప్పిన గద చెల్లె, ఫస్టుక్లాసు!" అన్నాడాయన. కిటికీలోంచి చూస్తే ఎండ ఎదురింటి గోడ పైకి ఎక్కింది. ఇంకాసేపట్లో భాయ్‌జాన్ వచ్చేస్తాడు. ఆపా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు పౌరుషం వచ్చింది. "నేను చెప్పినట్టు ఆయనకు చెప్పరాదు. అమ్మీకి నేను సక్కగ చెప్తుంటి కనుక ఆమెకు కుదిరేది" అన్నాను. ఆపా ఆ కన్నీళ్ళలోనే నవ్వింది. "నువ్వు ఏం చెప్పినవ్ అక్కా? ఎన్నడు జూసినా మంచిగున్నది, మంచిగున్నది. అమ్మీ నీ మాట ఎన్నడు ఇన్నది? నీ మొకం జూస్తుండె. పులుపు సరిగ్గ తగిలినప్పుడు నీ కుడి కన్ను ముడుచుకుంటదంట. కన్ను ముడుచుకున్నంక ఆపుతుండె." ఇన్నేళ్ళూ జడ్జిననుకున్నాను కదా, ఆ ముసలావిడకు నేను తూకపురాయిని మాత్రమేనా? ఒక్క క్షణం చిన్నతనమనిపించింది, మరుక్షణం ఆమె మీద ఎక్కడలేని ప్రేమా పుట్టింది. నా మర్యాద మాటలన్నీ పక్కకు నెట్టి, ఆమె నా మొహంలో నిజం చదువుకుంది.

అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. మా ఆయన కన్ను ముడవడు, మొహంలో ఏదీ కనిపించదు. కానీ ఆయన సంగతి నాకు తెలియదా? మామిడికాయ పప్పులో పులుపు ఎక్కువైన రోజున కూడా మస్తున్నదనే అంటాడు, అంటూనే చెయ్యి మెడ వెనక్కి పోయి గోక్కుంటాడు. అది పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. "ఆపా, ఆయన నోటి దిక్కు చూడకు, చెయ్యి దిక్కు చూడు" అని చెవిలో చెప్పాను. ఇద్దరం ఆయనకు చెరో పక్కా నిలబడ్డాం. ఆపా ఒక చెంచా పులుసు కలిపింది. "మస్తున్నది." చెయ్యి కదల్లేదు. ఇంకాస్త కలిపింది. "మస్తున్నది" అన్నాడు, ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచి మెడ వెనక్కి వెళ్ళింది. "ఆపెయ్!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. ఆయన అదిరిపడి చెంచా కింద పడేశాడు. ఏమైందని అడిగాడు, చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఆపా పాకాన్ని ఒక పొంగు రానిచ్చి, జామ చెక్కల మీద పోసింది. ఒక్కో చెక్క గుంటలో పాకం నిండి, అంచుల మీదుగా జారి, గిన్నె అంతా మెరిసింది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకరినొకరం పట్టుకుని గెంతినంత పని చేశాం. రుచి ఎట్లా ఉందో మాత్రం ఇద్దరికీ తెలియదు.

భాయ్‌జాన్ వచ్చాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. సలాం చెప్పి బావ పక్కన కూర్చున్నాడు, చెల్లెలి వైపు చూడలేదు. ఆపా నన్ను వదల్లేదు. "నువ్వు గీడనే ఉండు అక్కా" అని కొంగు పట్టుకుంది. నేను కిందికి పరుగెత్తి దీపం వెలిగించి, దండం పెట్టుకుని మళ్ళీ పరుగెత్తుకొచ్చేసరికి మసీదు సైరన్ మోగింది. మగవాళ్ళు ఖర్జూరం నోట్లో వేసుకున్నారు, నీళ్ళు తాగారు. వంటింటి గుమ్మంలో ఆపా కూడా ఒక ఖర్జూరం తిన్నది. గుడ్డ పరిచి పెట్టిన పళ్ళేల నడుమ ఆ గిన్నె ఉంది. భాయ్‌జాన్ మూత తీశాడు. చేతిలో మూత అట్లాగే ఉండిపోయింది. నా చెయ్యి పట్టుకున్న ఆపా వేళ్ళు బిగుసుకున్నాయి.

ఆయన మూత కింద పెట్టి, ఒక చెక్కను చిన్న గిన్నెలో వేసుకుని లేచాడు. వెళ్ళిపోతున్నాడేమో అని నా ప్రాణం పోయింది. ఆయన వెళ్ళలేదు, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అమ్మీ పోయినసంది నువ్వు గిది ముట్టలేదంట గద. మొన్న బావ ఫోన్ల చెప్పిండు. నాకు ఇన్నొద్దులు ఎరుకలే" అన్నాడు. ఆపా వండటం మానేసిందని నాకు తెలుసు. మనసు రాక మానేసిందనుకున్నాను. జామపండే నోట్లో పెట్టడం లేదని, నా ఇంటి పై కప్పు మీదే ఉంటున్న మనిషి గురించి నాకూ తెలియలేదు. ఆయన చెక్కలోంచి ముక్క తుంచాడు. "ముందుగాల నువ్వు తిను" అని చెల్లెలి నోటి దగ్గర పెట్టాడు. పాకం ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. ఆపా నోరు తెరిచింది. నములుతూనే ఏడ్చేసింది, ఏడుస్తూనే, "పులుపు ఎక్కువైంది భాయ్‌జాన్" అంది. "అమ్మీది గట్లనే ఉంటుండె" అన్నాడాయన, మిగతా ముక్క తన నోట్లో వేసుకుంటూ.

నాకూ ఒక చెక్క పెట్టారు. పాకం నాలుకకు తగలగానే నా కుడి కన్ను ఏం చేసిందో చూసుకునే స్థితిలో లేను, రెండు కళ్ళూ నిండిపోయాయి. ఇదంతా విని మా కోడలు ఫోను పక్కన పెట్టి, జామపండ్లు తెస్తానని సంచి పట్టుకుని బయల్దేరింది. నేను పొంగిన పాలు తుడుస్తూ కూర్చున్నాను. ఆ శనివారం సాయంత్రం ఆ మేడమీద అందరం ఉపవాసాలు విడిచాం. మా అందరివీ ఆ పొద్దున మొదలైనవే, ఆపాది మాత్రం అమ్మీ పోయిన పొద్దున మొదలై అప్పటిదాకా నడిచింది.